చిక్కుడుకాయ దగ్గర ఆగిన చెయ్యి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. రాసుకున్నది ఇంకొకరికి చూపించడం ఎలా అని. అందుకే ఈసారి పేజీ అంతా వాటికే ఇస్తున్నాను. పేర్లు వెయ్యొద్దని అందరూ అడిగారు కాబట్టి ఎక్కడి నుంచి రాశారో మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: అమ్మా, నాకు 42 ఏళ్ళు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. మాట పడిపోయింది. ఏదన్నా కావాలంటే మంచం పక్కనున్న స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడతారు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చి వెళ్తుంది, మిగతాదంతా నేనే. రాత్రుళ్ళు నిద్రపట్టక మా అబ్బాయి పాత నోట్సుల్లో మిగిలిన తెల్లకాగితాల మీద కథలు రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి 11 అయ్యాయి. ఎవరికీ చూపించలేదు, బియ్యం డబ్బా వెనక దాచాను. ఒక కథలో కోడలు చెంచా చప్పుడు విని కూడా విననట్టు కళ్ళు మూసుకుని పడుకుంటుంది. ఆ కోడలు నేనే. మావారు చదివితే ఏమనుకుంటారో, మా ఆడపడుచులు చదివితే ఇల్లు ఏమవుతుందో అని భయం. అసలు ఇవి కథలేనా అని ఇంకో భయం. ధైర్యం ఎలా తెచ్చుకోవాలి?
– ఒక సోదరి, కూకట్‌పల్లి

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే మా వంటింట్లో ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. గబుక్కున లేవబోయాను. ఇవి కథలేనా అని మీరు అడిగారు కదా, నా దగ్గరున్న జవాబు ఇదే.

ధైర్యం గురించి చెప్పే ముందు నాకు జరిగిందొకటి చెప్పనివ్వండి. పొడుగ్గానే ఉంటుంది.

1980ల మొదట్లో నేను హైదరాబాద్‌లో ట్రంకు ఎక్స్‌చేంజ్‌లో ఆపరేటర్‌గా ఉండేదాన్ని. నల్లగొండ జిల్లాలో ఒక పల్లె నుంచి వచ్చాను. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ అప్పుడు పై ఊరికి ఫోన్ చెయ్యాలంటే ముందు మాకు నంబరు చెప్పి కాల్ బుక్ చేసుకుని ఎదురుచూడాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని రకాలు. లైను దొరికాక కలిపేది మేము, మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి చెప్పేదీ మేమే. పొద్దస్తమానం చెవిలో పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు, డబ్బు పంపమని బతిమాలడాలు. విన్నది బయట అనకూడదు, అది ఉద్యోగ ధర్మం. అలా లోపల పేరుకున్నదేదో నా సొంత సంగతులను కదిపింది. రాయడం మొదలైంది.

మొదట చూపించింది మా బంధువుల్లో ఒక పెద్దాయనకు. బాగా చదువుకున్న మనిషి, పద్యాలు నోటికి ధారగా వచ్చేవి. ఇంతకంటే మంచి పాఠకుడు నాకెక్కడ దొరుకుతాడనుకున్నాను. ఆయన ఎర్రపెన్ను తీసి ఒత్తులూ దీర్ఘాలూ దిద్దారు. మొదటి పేజీలో 14 తప్పులు. రెండో పేజీ తిప్పలేదు. "ముందు తెలుగు నేర్చుకో తల్లీ" అని కాగితాలు నా చేతిలో పెట్టారు. ఆ 14 నిజంగానే తప్పులు, అందులో ఆయన అన్యాయం చేసిందేమీ లేదు. కానీ నేను రెండేళ్ళు ఒక్క వాక్యం రాయలేకపోయాను. పెన్ను పట్టుకుంటే చాలు, ఇక్కడ ఒత్తు ఉందా లేదా అని చెయ్యి వణికేది.

మాకు స్ప్లిట్ డ్యూటీ అని ఉండేది. పొద్దున కొన్ని గంటలు, మళ్ళీ సాయంత్రం కొన్ని గంటలు. మధ్యలో ఇంటికి పోయి రాలేనివాళ్ళం రెస్ట్ రూంలో చాపలేసుకుని నడుం వాల్చేవాళ్ళం. మాలో ఒక సీనియర్ ఉండేది. అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి, కథలూ నవలలూ చదివే అలవాటు లేదు. ఒకరోజు మధ్యాహ్నం కింద పేపరు పరుచుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. గదిలో మేమిద్దరమే. నేను బ్యాగు జిప్పు తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం చూసి "ఏందే అది, దాస్తున్నవ్?" అంది. కథ అని చెప్పాను, రెండేళ్ళ కింద రాసిందని. "అయితే సదువు. నా చేతులు ఖాళీ లేవు గని చెవులు ఖాళీనే" అంది.

కథ చిన్నదే. పరీక్ష రాయడానికి పట్నం వచ్చిన ఒక పిల్ల చుట్టాలింట్లో దిగుతుంది. రాత్రి ఇంట్లోవాళ్ళంతా తినడానికి లేస్తారు. ఆ పిల్లను పిలవడం ఎవరికీ గుర్తుండదు. ఆమె ముందుగదిలో పుస్తకం తెరుచుకుని, లోపల కంచాల చప్పుడు వింటూ కూర్చుంటుంది. తెల్లారి పరీక్షకు వెళ్తుంది.

తల ఎత్తకుండా చదివాను. చిక్కుడుకాయ ముచిక తుంచి ఈనె లాగితే సన్నగా చిటుక్కుమంటుంది. నేను చదువుతున్నంతసేపూ ఆ చిటుకు చిటుకు వినబడుతూనే ఉంది. వింటోందో, లేక మనసు కూర మీదే ఉందో తెలియదు. కంచాల చప్పుడు దగ్గరికి వచ్చాను. చిటుకు ఆగిపోయింది. అప్పుడు తలెత్తి చూశాను. ఈనె సగం దాకా లాగిన చిక్కుడుకాయ ఆమె వేళ్ళ మధ్య అట్లాగే ఉంది.

అయిపోయాక ఆమె బాగుందనలేదు, బాలేదనలేదు. "ఆ రాత్రి ఆ పిల్ల ఏమన్న తిన్నదా?" అని అడిగింది.

నా కథలో ఆ సంగతి లేదు. ఆకలితో పడుకున్నది నేనే అయినా, కాగితం మీద ఆ ఆకలి పెట్టాలని నాకు తోచలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి చివరి పేజీ తిరగరాశాను. పరీక్ష హాల్లో ఆ పిల్ల మంచినీళ్ళ కుండ దగ్గరికి మూడుసార్లు లేచి వెళ్తుంది, కాపలా ఉన్న సారు విసుక్కుంటాడు. అంతే చేర్చాను. అచ్చయిన నా మొదటి కథ అదే.

ఇంకొకటి కూడా జరిగింది. మర్నాటి నుంచి అక్క తన టిఫిను మూతలో సగం అన్నం తీసి నా ముందు పెట్టేది. ఎందుకని నేను అడగలేదు. ఆ పిల్లవు నువ్వేనా అని ఆమె అడగలేదు.

ఇప్పుడు మీ సంగతి. ధైర్యం వచ్చాక చూపిద్దామని కూర్చుంటే అది ఎన్నేళ్ళకు వస్తుందో చెప్పలేం. ఆ మధ్యాహ్నం నాకు ధైర్యమేమీ లేదు, కాళ్ళలో వణుకు అట్లాగే ఉంది. ఈనెలు తీసుకునే ఒక మనిషి దొరికింది, అంతే. కాబట్టి మీరు వెతుక్కోవాల్సింది ఒక మనిషిని. మీకు తెలిసినవాళ్ళలో అందరికంటే ఎక్కువ చదువుకున్నవాళ్ళ దగ్గరికి ముందే వెళ్ళకండి. మీవారి దగ్గరికీ, ఆడపడుచుల దగ్గరికీ మొదట వెళ్ళకండి. వాళ్ళు కథ వినలేరు, అందులో తమను వెతుక్కుంటారు. అది వాళ్ళ తప్పు కాదు. మీ ఉత్తరం చదువుతుంటే నా కళ్ళు ఆ ఫిజియోథెరపీ అమ్మాయి మీద ఆగాయి. మీ ఇంటి మనిషి కాదు, అయినా మీ ఇంటి లోపల ఏముందో వారానికి మూడుసార్లు చూస్తోంది. పని అయ్యాక టీ ఇస్తారు కదా. ఆ టీ తాగేంతసేపు చాలు.

కాగితాలు ఆమె చేతికివ్వకండి. మీరే పైకి చదవండి. చదువుతుంటే బలం లేని వాక్యం దగ్గర నాలుక తనే తడబడుతుంది, ఎవరూ చెప్పక్కర్లేకుండా మీకే తెలుస్తుంది. చెంచా కథతో మొదలుపెట్టకండి, ఆ పదకొండులో అన్నిటికంటే చిన్నది, మీకు తక్కువ నొప్పి పెట్టేది తీయండి. "ఏదో పిచ్చిగా రాశానులే" అని ముందుగా అనకండి. ఆ మాట అంటే వినేవాళ్ళు మిమ్మల్ని ఓదార్చే పనిలో పడతారు, కథ పక్కకు పోతుంది. అయ్యాక "ఎలా ఉంది?" అనీ అడగొద్దు. మనవాళ్ళు మర్యాదస్థులు, బాగుందనే అంటారు. ఎక్కడ మనసు పక్కకు పోయిందో అడగండి. ఇంకా ఏం తెలుసుకోవాలనిపించిందో అడగండి. అడగడానికి మొహమాటమైతే ఆమె చేతులు చూడండి. టీ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి.

మీ రెండో భయం దీనికంటే పెద్దది, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. ఇంటి సంగతి వీధిలో పెట్టిందంటారని కదా. నా మాట ఇది: మీవారికి తెలియకుండా ఆ కథను అచ్చుకు పంపకండి. అనుమతి అడగమనడం లేదు, ఇలా ఒకటి రాశాను, పంపబోతున్నాను అని ముందే చెప్పమంటున్నాను. అచ్చులో చూసి తెలుసుకున్న మనిషికి కథ కంటే దాచిన సంగతే ఎక్కువ గుచ్చుకుంటుంది. కలం పేరు పెట్టుకుంటానంటే పెట్టుకోండి, మన దగ్గర అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. ఊరు మార్చండి, వరస మార్చండి, అత్తను పిన్నిని చెయ్యండి. గ్లాసును, చెంచాను మాత్రం మార్చకండి.

ఇప్పుడు నేను మీకు అక్కనై ఒక ప్రశ్న అడుగుతాను. ఆ రాత్రి మీరు లేవలేదు. కాసేపటికి చెంచా చప్పుడు ఆగిపోయి ఉంటుంది. ఆగిపోయిన తరవాత ఆ చీకట్లో ఆవిడ ఏం చేస్తూ ఉంది? మాట లేని మనిషి గురించి రాస్తున్నారు, ఆవిడ వైపు నుంచి చెప్పగలిగింది ఈ లోకంలో మీరొక్కరే. అది మీ కథలో ఉందా? ఉంటే మీవారి చేతికి ఇవ్వడానికి భయపడక్కర్లేదు. లేకపోతే ఆ కథ ఇంకా ఒక పేజీ మిగిలి ఉంది. ఆ పేజీ రాశాక మీ భయంలో సగం ఉండదని నా నమ్మకం.

ఇల్లాలు కథ రాయడం, అది అచ్చు కావడం మనకు నిన్నా మొన్నటిది కాదు. భండారు అచ్చమాంబగారి కథ 1902లో 'హిందూసుందరి' పత్రికలో వచ్చింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారావిడ. బియ్యం డబ్బా వెనక నుంచి ఆ నోట్సు తీసి కనీసం పుస్తకాల షెల్ఫులో పెట్టండి. తడికి పాడైపోతాయి కూడా.

ప్రశ్న: నా కథను పత్రికకో స్నేహితులకో పంపితే ఎవరైనా తమ పేరుతో వేసేసుకుంటారని భయం. ముందు రిజిస్ట్రేషన్ చేయించాలా?
– ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: అక్కర్లేదు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే ఆ రచన మీది. రిజిస్ట్రేషన్ చేయించుకుంటే రుజువుగా పనికొస్తుంది, కానీ తప్పనిసరి కాదు. హక్కు మీ జీవితకాలమంతా, ఆ తరవాత ఇంకో 60 ఏళ్ళూ ఉంటుంది. అయితే ఒకటి, చట్టం కాపాడేది మీరు రాసిన తీరునే, ఊహను కాదు. పక్షవాతం వచ్చిన అత్త మీద ఎవరైనా కథ రాయొచ్చు. రాతప్రతి మీద తేదీ వేసుకోండి, పంపిన మెయిల్ తీసెయ్యకండి. కొత్తవాళ్ళ కథలు దొంగతనానికి గురవడం నేను చాలా అరుదుగా చూశాను. ఎవరూ చదవకుండా బీరువాల్లో మిగిలిపోవడం మాత్రం లెక్కలేనన్ని సార్లు చూశాను. నాకు రెండోదే ఎక్కువ బాధ.

ప్రశ్న: మేడం, నాది కామారెడ్డి జిల్లా. గ్రూప్స్ కోసం అశోక్‌నగర్ల రూం తీస్కొని ఉంటున్న. పొద్దంత చిక్కడపల్లి లైబ్రరీల కూసుంట. సదివి సదివి యాష్టకొస్తే నోట్స్ ఎన్క పేజీలల్ల కథలు రాస్త. మా నాయిన బాయికాడి ముచ్చట్లు, మా అవ్వ బీడీలు చేసే ముచ్చట్లు. మొన్న మా రూమ్మేటు నోట్సు గుంజుకొని అందరి ముంగట గట్టిగ సదివి నవ్విండు. ఇంకొక సారుకు చూపెడితే "ఇట్ల రాస్తే ఎవ్వరు వెయ్యరు, మంచి తెలుగుల రాయి" అన్నడు. మంచి తెలుగుల రాస్తే నా కథ నాకే గుర్తువడ్తలేదు. ఏం జెయ్యాలె?
– ఒక విద్యార్థి, అశోక్‌నగర్

జవాబు: బాబూ, "నా కథ నాకే గుర్తువడ్తలేదు" అన్నావు చూడు, ఆ ఒక్క మాటతో నీ ప్రశ్నకు నువ్వే జవాబు చెప్పుకున్నావు. గుర్తుపట్టే భాషలోనే రాయి.

ముందు రూమ్మేటు సంగతి. నువ్వు చూపించలేదు, అతను గుంజుకున్నాడు. దాన్ని చదవడం కింద లెక్కెయ్యకు. కథ ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ చూపించాలన్నది రాసినవాడి హక్కు, దాన్ని లాక్కుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నీకు కలిగిన సిగ్గును కథ మీదికి మళ్ళించుకోకు. ఆ నోట్సు వేరే చెయ్యి, గ్రూప్స్ నోట్సు వెనక కథలు పెట్టుకుంటే మళ్ళీ ఎవడో ఒకడు తెరుస్తాడు.

భాష గురించి. మనకు ఏడాదికి రెండు భాషా దినోత్సవాలున్నాయి, నువ్వు గ్రూప్స్ చదువుతున్నావు కాబట్టి తేదీలు నీకే బాగా తెలుసు. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, సెప్టెంబరు 9 కాళోజీగారి పుట్టినరోజు. ఒకరిది ఉత్తరాంధ్ర, ఒకరిది వరంగల్లు. ఇద్దరూ నిలబడింది జనం నోట్లో ఉన్న మాట కాగితం మీదికి రావాలనే. అట్లాంటి రెండు రోజులు చేసుకునే జాతిలో పుట్టి, మా అవ్వ మాట్లాడినట్టు రాయొచ్చా అని నువ్వు భయపడుతుంటే నాకు కష్టంగా ఉంది. నేను ఆపరేటర్‌గా ఉన్నప్పుడు ఫోన్‌లో ఒక భాష, రెస్ట్ రూంలో ఇంకో భాష మాట్లాడేవాళ్ళం. నన్ను కథకురాలిని చేసిన ప్రశ్న రెస్ట్ రూం భాషలోనే వచ్చింది.

అయితే ఒక సంగతిలో ఆ సారు మాట పూర్తిగా కొట్టెయ్యకు. యాసకూ తప్పుకూ తేడా ఉంది. "సదువు" అని రాయడం యాస. ఒకే మాటను ఒక పేజీలో "ఎన్క" అనీ, ఇంకో పేజీలో "ఎనుక" అనీ, మరోచోట "ఎంక" అనీ రాస్తే చదివేవాడు తడబడతాడు. నీ మాటలకు నువ్వే ఒక పద్ధతి పెట్టుకుని, చివరిదాకా దానికే కట్టుబడు. ఒత్తులు తప్పితే దిద్దుకో. ఎర్రపెన్ను దెబ్బ తిన్నదాన్ని కాబట్టే చెప్తున్నా, దిద్దుకోవడం రాసిన తరవాతి పని, రాసేటప్పుడు దాన్ని గదిలోకి రానివ్వకు.

నీ మొదటి శ్రోత ఎవరో నీ ఉత్తరంలోనే ఉంది. మీ అవ్వకు ఫోన్ చేసి బీడీల కథ చదివి వినిపించు. ఆమె చాట ముందు పెట్టుకుని పని చేసుకుంటూనే వింటుంది. ఆకు తడపడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, వీటిలో ఏదన్నా నువ్వు తప్పు రాసి ఉంటే అక్కడికక్కడ ఆపుతుంది. ఆమె నవ్వితే రూమ్మేటు నవ్వు లాంటిది కాదది. "గీ సంగతి నీకెట్ల యాదికున్నదిరా" అందనుకో, ఆ పేజీని ఇక ముట్టుకోకు.

తరవాతి మెట్టుకు నువ్వు చాలా మంచి చోట ఉన్నావు. లైబ్రరీకి దగ్గర్లోనే చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, కాస్త నడిస్తే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం. రెండింట్లోనూ సాహిత్య సభలూ పుస్తకావిష్కరణలూ జరుగుతుంటాయి, వెళ్ళి కూర్చోవడానికి టికెట్టు అక్కర్లేదు. చదువు అలిసిన ఒక సాయంత్రం వెళ్ళి చివరి వరసలో కూర్చో. మొదటి రెండు మూడుసార్లు కథ జేబులో పెట్టుకుని వెళ్ళకు, అది జేబులో ఉంటే సభ వినబడదు. మనుషులను చూడు. ఎవరి మాట నీకు మీ ఊరి మాటలా వినబడుతుందో గుర్తుపట్టు. ఆ తరవాత ఒకరోజు సభ అయ్యాక బయట చాయ్ దగ్గర అడుగు, "సార్, ఒక్క పేజీ వింటరా?" అని. అందరూ వినరు. పది నిమిషాలు నిలబడేవాళ్ళు ఒక్కరుంటారు.

పత్రికకు పంపేటప్పుడు యూనికోడ్‌లో టైపు చెయ్యి. కథ నీ సొంతమనీ, ఎక్కడా అచ్చు కాలేదనీ, వేరేచోట పరిశీలనలో లేదనీ హామీ రాయి. ఒక కథను ఒకేసారి రెండుచోట్లకు పంపకు, రెండుచోట్లా వేస్తే రెండుచోట్లా నీ మాట పోతుంది. జవాబు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలే రాదు. మా కాలంలో తిరుగుటపాకు స్టాంపులు అంటించిన కవరు కథతోపాటు జతచేసి పంపేవాళ్ళం. పోస్ట్‌మ్యాన్ చేతిలో కవరు బరువు చూస్తేనే తెలిసిపోయేది. లావుగా ఉంటే కథ తిరిగొచ్చినట్టు, పల్చగా ఉంటే లోపల ఉత్తరమన్నమాట. నాకు మొదట వరసగా ఐదు లావు కవర్లు వచ్చాయి. ఐదోదాన్ని రెండు రోజులు విప్పలేదు. ఆరోది పల్చగా వచ్చింది. ఆ ఐదింటిలో మూడు తరవాత వేరేచోట్ల అచ్చయ్యాయి, పెద్దగా మార్చింది కూడా లేదు. ఒక చోట వద్దన్నారంటే ఆ చోటుకు వద్దనే, అంతవరకే.

పరీక్ష మానకు. కథ కూడా మానకు. రోజుకు అరగంట దానికివ్వు, చాలు.

ప్రశ్న: సంపాదకురాలికి నమస్కారాలు. నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాను. 71 ఏళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఆటవెలదులు, తేటగీతులు రాసుకుంటున్నాను, 240 దాకా ఉన్నాయి. ఈ కాలంలో పద్యం ఎవరు చదువుతారు? పిల్లలు పై దేశంలో ఉన్నారు. మనవరాలికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. నేను పోయాక ఈ పుస్తకాలు పాత కాగితాలవాడికి తూకానికి పోతాయి. ఇప్పుడు బయటపెట్టి ఏం లాభం?
– ఒక పెద్దాయన, మల్కాజిగిరి

జవాబు: అయ్యా, నమస్కారం. తూకానికి పోతాయన్న మాట చదివి చాలాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను.

మన హైదరాబాద్‌లోనే జరిగిన ఒక సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా గుర్తుచేస్తాను. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో రాశారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారికి ఆ మాట గుచ్చుకుంది. పత్రిక ద్వారా కోరితే ఊరూరి నుంచీ పద్యాలు వచ్చాయి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది. వాళ్ళు ఒక్క ఏడాదిలో పుట్టుకొచ్చిన కవులు కారు. ఇళ్ళలో, పల్లెల్లో ఎవరి పద్యం వాళ్ళు రాసుకుంటూనే ఉన్నారు. కాగితం గడప దాటిన తరవాత గానీ ఉన్నారన్న సంగతి లోకానికి తెలియలేదు. మీ 240 పద్యాలూ ఈ రోజు అదే గడప లోపల ఉన్నాయి.

పద్యం ఎవరు చదువుతారని అడిగారు. చదవడం సంగతి నేనూ చెప్పలేను. వినేవాళ్ళు మాత్రం ఉన్నారు. మీ మనవరాలికి చదవడం రాదు, మాట్లాడటం వచ్చని మీరే రాశారు. అంటే చెవి ఉంది. ఫోన్‌లో రికార్డు చేసి రోజుకొక పద్యం పంపండి, రాగం తీసి ఒకసారి, విడమరిచి ఒకసారి. మొదట నీతి పద్యాలు పంపకండి. రిటైరయ్యేదాకా ఇనుము మధ్య పనిచేశారు, వర్క్‌షాపు మీద రాసినవి ఏమన్నా ఉన్నాయా? సైరన్ మీద, చేతికంటిన గ్రీజు మీద, ఇంజను మీద? ఉంటే అవి ముందు పంపండి. తాత ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏం చేసేవాడో తెలుసుకోవాలని ఏ పిల్లకైనా ఉంటుంది.

కాగితాలకు కూడా ఒక దారి చూడాలి. ఎవరైనా కుర్రవాళ్ళ చేత టైపు చేయించి రెండు మూడు ప్రతులు తీయించండి. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది, 1901లో పెట్టిన గ్రంథాలయం. బొగ్గులకుంటలో సారస్వత పరిషత్తు ఉంది. ఒకసారి స్వయంగా వెళ్ళి రండి. అక్కడ పద్యం అంటే ముఖం విప్పారే మనుషులు మీకు ఇంకా కనబడతారు.

ఈ ఆదివారం ఒక పద్యం పాపకు వినిపించండి. విని ఆ పిల్ల ఏం అడిగిందో, ఉన్నది ఉన్నట్టు ఆమె మాటల్లోనే, నాకు రాసి పంపండి. పద్యం కూడా జతచేయండి.